షుగర్ ఉన్నవారిని వెంటాడుతున్న ఫ్యాటీ లివర్.. బరువు తగ్గకపోయినా నడక ఆపొద్దు.. ఉద్దానం వాసులు తప్పక తెలుసుకోవాల్సిన జాగ్రత్తలివే..!

షుగర్ వ్యాధి ఉన్నవారు కళ్లు, కిడ్నీలు, గుండె, పాదాల గురించి భయపడుతుంటారు. లివర్ గురించి ఆలోచించేది తక్కువే. కడుపు స్కానింగ్ రిపోర్టులో 'ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1' అని కనిపించినా "ఇది అందరికీ ఉండేదేలే" అని పక్కన పెట్టేస్తుంటారు. నిజానికి టైప్ 2 డయాబెటిస్ ఉన్నవారిలో సగానికి పైగా మందికి లివర్‌లో కొవ్వు పేరుకుంటోందని ప్రపంచవ్యాప్త అధ్యయనాలు చెబుతున్నాయి. ఈ కొవ్వును తగ్గించడంలో వ్యాయామం బాగా పనిచేస్తుంది. బరువు తూచే మిషన్‌లో అంకె కదలకపోయినా లోపల లివర్‌లో కొవ్వు తగ్గుతుంది. ఈ సంగతి తెలియకే చాలామంది నెల రోజులు నడిచి, బరువు తగ్గలేదని మానేస్తున్నారు.

అయితే పలాస, టెక్కలి, కంచిలి, జలంత్రకోట, సోంపేట, కవిటి ప్రాంతాల వాళ్లకు దీనికి తోడు ఇంకో సమస్య ఉంది. అదే కిడ్నీ వ్యాధి. ఉద్దానంలో కారణం తేలని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఏళ్లుగా ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. అందుకే పెద్ద నగరాల్లోని జిమ్‌లో ఇచ్చే సలహాను ఇక్కడ ఉన్నదున్నట్టు పాటించడం కుదరదు. ఎండ, నీళ్లు, నొప్పి మాత్రలు, ప్రొటీన్ పొడులు.. వీటన్నిటిపై ఒక కన్నేసి ఉంచాలి. మరి ఎంత నడవాలి? ఎప్పుడు నడవాలి? ఎవరు జాగ్రత్తపడాలి? పూర్తి వివరాలు ఇప్పుడు చూద్దాం.

అసలు ఫ్యాటీ లివర్ అంటే ఏంటి?

లివర్ కణాల్లో 5 శాతం కంటే ఎక్కువ కణాల్లో కొవ్వు చేరితే దాన్ని ఫ్యాటీ లివర్ అంటారు. మద్యం వల్ల వచ్చేది ఒక రకం. మద్యం ముట్టనివారికి కూడా షుగర్, పొట్ట, అధిక కొవ్వు, బీపీ వల్ల వచ్చేది మరో రకం. ఈ రెండో రకాన్ని ఇన్నాళ్లూ 'నాన్ ఆల్కహాలిక్ ఫ్యాటీ లివర్' అని పిలిచేవారు. 2023 జూన్‌లో అంతర్జాతీయ లివర్ నిపుణుల సంఘాలు ఆ పేరు మార్చాయి. ఇప్పుడు దీన్ని 'మెటబాలిక్ డిస్‌ఫంక్షన్ అసోసియేటెడ్ స్టీటోటిక్ లివర్ డిసీజ్' అంటున్నారు. పేరు పొడవే కానీ అర్థం ఒక్కటే.. ఒంట్లో షుగర్, కొవ్వుల లెక్క తప్పడం వల్ల లివర్‌కు వచ్చిన జబ్బు.

మొదట్లో దీనికి లక్షణాలు పెద్దగా ఉండవు. కొందరికి నీరసం, కుడివైపు పక్కటెముకల కింద బరువుగా అనిపించడం మాత్రమే ఉంటుంది. పట్టించుకోకపోతే కొందరిలో లివర్ వాస్తుంది. ఆ తర్వాత మచ్చలు పడి గట్టిపడుతుంది. దీన్నే ఫైబ్రోసిస్ అంటారు. అది ముదిరితే సిర్రోసిస్, ఇంకా ముదిరితే లివర్ క్యాన్సర్. అందరికీ ఇలా జరగదు. కానీ షుగర్ ఉన్నవారిలో ఈ ముప్పు మిగతావారి కంటే ఎక్కువ. ఫ్యాటీ లివర్ ఉన్నవారికి గుండె జబ్బుల ముప్పు కూడా ఎక్కువే.

మన దేశంలో కేంద్ర ఆరోగ్య శాఖ 2021 ఫిబ్రవరిలోనే ఫ్యాటీ లివర్‌ను షుగర్, బీపీ, క్యాన్సర్ వంటి అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. 2024 సెప్టెంబర్‌లో సవరించిన మార్గదర్శకాలు కూడా విడుదల చేసింది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో దాదాపు 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది షుగర్ అంచున ఉన్నారు. వీళ్లలో సగం మందికి లివర్‌లో కొవ్వు ఉందనుకున్నా సమస్య ఎంత పెద్దదో అర్థమవుతుంది.

షుగర్‌కు, లివర్‌కు సంబంధం ఏంటి?

మనం తిన్న అన్నం గ్లూకోజ్‌గా మారి రక్తంలో కలుస్తుంది. దాన్ని కండరాల్లోకి పంపించే తాళంచెవి లాంటిది ఇన్సులిన్. టైప్ 2 షుగర్‌లో ఈ తాళంచెవి సరిగా తిరగదు. దీన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటారు. కండరాలు తీసుకోని గ్లూకోజ్ ఎక్కడికి పోతుంది? కొంత రక్తంలోనే ఉండిపోయి షుగర్ పెరుగుతుంది. కొంత లివర్‌కు చేరి అక్కడ కొవ్వుగా మారుతుంది. పొట్ట చుట్టూ ఉన్న కొవ్వు కూడా కరిగి నేరుగా లివర్‌కే చేరుతుంది.

కొవ్వు పట్టిన లివర్ మరో పొరపాటు కూడా చేస్తుంది. రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు అవసరం లేకపోయినా గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. "రాత్రి రెండు రొట్టెలే తిన్నాను.. పొద్దున షుగర్ 180 ఎలా వచ్చింది?" అని చాలామంది అడుగుతుంటారు. అందుకు ముఖ్య కారణాల్లో ఇదొకటి. అంటే షుగర్ వల్ల లివర్ పాడవుతుంది.. లివర్ వల్ల షుగర్ పెరుగుతుంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. వ్యాయామం తెంచేది అక్కడే.

నడిస్తే లోపల ఏం జరుగుతుంది?

కండరం పని చేస్తున్నప్పుడు దానికి ఇన్సులిన్ తాళంచెవితో పెద్దగా పని ఉండదు. కదలిక వల్లే కండరం తలుపు తెరుచుకుని గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. నడక ఆపిన తర్వాత కూడా ఈ ప్రభావం దాదాపు ఒక రోజు నుంచి మూడు రోజుల దాకా ఉంటుంది. అందుకే డాక్టర్లు వరుసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానొద్దని చెబుతారు. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు నడిచి మిగతా వారమంతా కూర్చుంటే ఈ లాభం అందదు.

కండరాలు గ్లూకోజ్ వాడుకుంటే లివర్‌కు చేరే ముడిసరుకు తగ్గుతుంది. లివర్ కొత్తగా కొవ్వు తయారు చేయడం తగ్గుతుంది. ఉన్న కొవ్వును ఇంధనంగా ఖర్చు చేయడం పెరుగుతుంది. బరువు తగ్గకపోయినా లివర్ తేలికపడేది ఇలాగే. కొందరికి కొవ్వు తగ్గి, ఆ మేరకు కండ పెరుగుతుంది. అప్పుడు తూకంలో తేడా కనిపించదు. నడుము దగ్గర లుంగీ వదులవుతుంది.. జాకెట్టు వదులవుతుంది. అది మంచి గుర్తు.

పరిశోధనలు ఏం తేల్చాయి?

అమెరికాలో టైప్ 2 షుగర్ ఉన్నవారిపై 'లుక్ అహెడ్' అనే పెద్ద అధ్యయనం జరిగింది. అందులో కొందరి లివర్‌లో కొవ్వును ఏడాది తేడాతో రెండుసార్లు కొలిచారు. ఆహార నియమాలు, వ్యాయామం గట్టిగా పాటించినవారి లివర్ కొవ్వు దాదాపు సగానికి తగ్గింది. మామూలు అవగాహన తరగతులకు మాత్రమే వెళ్లినవారిలో తగ్గింది సుమారు 23 శాతమే. మొదట్లో ఫ్యాటీ లివర్ లేనివారి సంగతి మరీ ఆసక్తికరం. వ్యాయామం గ్రూపులో కొత్తగా ఫ్యాటీ లివర్ వచ్చింది 3 శాతం మందికి. రెండో గ్రూపులో 26 శాతం మందికి వచ్చింది.

2023లో ప్రచురితమైన మరో విశ్లేషణలో 14 అధ్యయనాలను కలిపి చూశారు. వారానికి 150 నిమిషాల చురుకైన నడకకు సమానమైన వ్యాయామం చేసినవారిలో లివర్ కొవ్వు చెప్పుకోదగ్గ స్థాయిలో తగ్గే అవకాశం ఎక్కువని తేలింది. అంతకంటే తక్కువ చేసినవారిలో ఆ అవకాశం తగ్గింది.

బరువులు ఎత్తే వ్యాయామం కూడా లివర్‌కు మంచిదే. బ్రిటన్‌లో 2011లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో 8 వారాల పాటు బరువుల వ్యాయామం చేసినవారి లివర్ కొవ్వు 13 శాతం తగ్గింది. వారి శరీర బరువు మాత్రం తగ్గలేదు. మోకాళ్ల నొప్పులతో నడవలేనివారికి ఇది మంచి కబురే.

ఇక బరువు కూడా తగ్గితే లాభం రెట్టింపు. మొత్తం బరువులో 3 నుంచి 5 శాతం తగ్గితే లివర్ కొవ్వు తగ్గుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు తగ్గుతుంది. 10 శాతం, అంతకంటే ఎక్కువ తగ్గితే మచ్చలు కూడా వెనక్కి మళ్లే అవకాశం ఉంది. లెక్క వేసుకుంటే 70 కిలోల మనిషికి 5 శాతం అంటే 3.5 కిలోలు. 10 శాతం అంటే 7 కిలోలు. ఇది ఒక్క నెలలో కాదు.. ఆరు నెలల నుంచి ఏడాదిలో సాధించాల్సిన లక్ష్యం. ఉపవాసాలతో హఠాత్తుగా బరువు తగ్గడం లివర్‌కు మంచిది కాదు.

మేం రోజంతా పనే చేస్తాం కదా.. మాకెందుకు వ్యాయామం?

ఉద్దానంలో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే. నిజమే.. జీడి తోటలో, కొబ్బరి తోటలో, పొలంలో, సముద్రంపై వేటలో కష్టపడేవారికి ఒంటికి శ్రమ ఉంటుంది. చెమట పట్టి, ఊపిరి వేగం పెరిగే పని ఏదైనా వ్యాయామం లెక్కలోకే వస్తుంది. కానీ ఇక్కడ మూడు విషయాలు గమనించాలి.

మొదటిది, ఆ పని ఏడాది పొడవునా ఉండదు. జీడి కోత మార్చి నుంచి మే వరకు. వరి నాట్లు, కోతలు కొన్ని వారాలు. మిగతా రోజుల్లో కదలిక బాగా తగ్గిపోతుంది.

రెండోది, పని తీరు మారింది. పొలానికి నడిచి వెళ్లేవాళ్లు ఇప్పుడు బైక్ మీద వెళ్తున్నారు. పలాస - కాశీబుగ్గ జీడి పరిశ్రమలో వేల మంది మహిళలు పిక్కలు కొట్టడం, తొక్క తీయడం, గ్రేడింగ్ చేయడం వంటి పనులు చేస్తారు. చేతులు విరామం లేకుండా ఆడుతుంటాయి. సాయంత్రానికి ఒళ్లు హూనమవుతుంది. కానీ కాళ్లు, తొడల కండరాలు గంటల తరబడి కదలవు. ఒంట్లో అతి పెద్ద కండరాలు అవే. గ్లూకోజ్‌ను ఎక్కువగా వాడేవీ అవే. అలసట వచ్చినంత మాత్రాన వ్యాయామం జరిగినట్టు కాదు. షాపులో కూర్చునేవారు, ఆటో, లారీ నడిపేవారు, ఆఫీసు ఉద్యోగులు.. అందరిదీ ఇదే పరిస్థితి.

మూడోది, నిజంగానే ఎండలో కాయకష్టం చేసేవారు. వీళ్లు దానిపైన ఇంకో గంట నడక పెట్టుకోవాల్సిన పనిలేదు. పని ఎక్కువగా ఉన్న సీజన్‌లో రాత్రి భోజనం తర్వాత 10 నిమిషాలు నెమ్మదిగా నడిస్తే చాలు. పని లేని నెలల్లో మాత్రం పూర్తి వ్యాయామం చేయాలి.

ఎంత చేయాలి? ఎలా మొదలుపెట్టాలి?

షుగర్ ఉన్నవారు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలి. దీనికి తోడు వారంలో రెండు, మూడు రోజులు కండరాలకు బలం ఇచ్చే వ్యాయామం చేయాలి. చురుకైన నడక అంటే ఏంటో తెలుసుకోవడానికి చిన్న చిట్కా ఉంది. నడుస్తూ మాట్లాడగలగాలి.. కానీ పాట పాడలేకపోవాలి. పాట కూడా వస్తోందంటే ఇంకాస్త వేగం పెంచాలి. మాట కూడా రావడం లేదంటే తగ్గించాలి.

150 నిమిషాలు అనగానే భయపడొద్దు. దాన్ని ముక్కలుగా చేసుకోవచ్చు. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం.. ప్రతి దాని తర్వాత 10 నిమిషాలు నడిస్తే రోజుకు 30 నిమిషాలు. వారంలో ఐదు రోజులు చేస్తే 150 నిమిషాలు పూర్తయినట్టే. న్యూజిలాండ్‌లో షుగర్ రోగులపై 2016లో వచ్చిన అధ్యయనంలో ఇలా భోజనం తర్వాత 10 నిమిషాల చొప్పున నడిచినవారికి, రోజులో ఏదో ఒకసారి 30 నిమిషాలు నడిచినవారి కంటే భోజనం తర్వాత షుగర్ 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాత తేడా ఇంకా ఎక్కువ, 22 శాతం. మనం రాత్రి అన్నం తిని టీవీ ముందు కూర్చుంటాం.. లేదా పడుకుంటాం. మారాల్సింది ముందుగా ఆ అలవాటే. వేసవిలో మధ్యాహ్నం నడక మాత్రం ఇంట్లోనో, వరండాలోనో, నీడలోనో చేయాలి.

కొత్తగా మొదలుపెట్టేవారికి నాలుగు వారాల ప్లాన్ ఇది.

- మొదటి వారం: రాత్రి భోజనం తర్వాత మాత్రమే 10 నిమిషాల నడక. రోజూ అదే సమయానికి.
- రెండో వారం: పొద్దున టిఫిన్ తర్వాత మరో 10 నిమిషాలు కలపాలి. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా 10 సార్లు లేచి కూర్చోవాలి. ఇది వారంలో రెండు రోజులు.
- మూడో వారం: మూడు పూటలా 10 నిమిషాల చొప్పున. గోడకు రెండు చేతులు ఆనించి ముందుకు వంగి లేచే వాల్ పుషప్స్ 10 సార్లు.
- నాలుగో వారం: వేగం పెంచాలి. లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని భుజాల దాకా ఎత్తి దించాలి. కుర్చీ, గోడ, సీసాల వ్యాయామాలు ఒక్కొక్కటీ రెండు విడతలుగా చేయాలి.

కూర్చుని పని చేసేవారు ప్రతి అరగంటకోసారి లేచి రెండు, మూడు నిమిషాలు అటూ ఇటూ తిరగాలి. జీడి బట్టీలో ఉన్నా, షాపు కౌంటర్‌లో ఉన్నా ఇది చేయొచ్చు. లేవడం కుదరకపోతే కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించడం, మోకాలు చాపి ముడవడం చేయాలి. సైకిల్ తొక్కడం, ఈత, వేగంగా చేసే సూర్య నమస్కారాలు కూడా నడకకు బదులుగా పనికొస్తాయి. ప్రాణాయామం మనసుకు మంచిదే కానీ నడకకు ప్రత్యామ్నాయం కాదు.

ఉద్దానంలో ఉన్నవారికి ప్రత్యేక జాగ్రత్తలు

షుగర్, ఫ్యాటీ లివర్, కిడ్నీ.. ఈ మూడూ కలిసినప్పుడు తొందరపాటు పనికిరాదు. పలాసలో 200 పడకల కిడ్నీ సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి, పరిశోధనా కేంద్రం 2023 డిసెంబర్ 14న ప్రారంభమయ్యాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. ఎండలో శ్రమ, ఒంట్లో నీరు తగ్గడం, నొప్పి మాత్రలు, తాగునీరు.. ఇలా చాలా కోణాల్లో నిపుణులు పరిశీలించారు. అందుకే వ్యాయామం మొదలుపెట్టే ముందు ఈ విషయాలు గుర్తుంచుకోండి.

ముందు టెస్టు చేయించుకోండి: రక్తంలో క్రియాటినిన్, దాన్ని బట్టి లెక్కించే ఈజీఎఫ్ఆర్, మూత్రంలో అల్బుమిన్.. ఈ టెస్టులు షుగర్ ఉన్న ప్రతి ఒక్కరూ ఏడాదికోసారైనా చేయించుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నా చాలామంది నడవొచ్చు. నడక వల్ల కిడ్నీలు పాడవవు. ఎంత వేగం, ఎంత సేపు అనేది మాత్రం డాక్టర్‌ను అడిగి నిర్ణయించుకోవాలి.

ఎండ పొడ తగలనివ్వొద్దు: తీరం వెంట గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది కానీ ఆరదు. దాంతో ఒళ్లు చల్లబడదు. వేసవిలో ఉదయం 7 లోపు, సాయంత్రం 5 తర్వాత మాత్రమే బయట నడవాలి. తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం, మూత్రం ముదురు పసుపు రంగులో రావడం.. ఇవి ఒంట్లో నీరు తగ్గిందని చెప్పే గుర్తులు. వెంటనే ఆపేసి నీడకు చేరాలి.

నీళ్ల లెక్క అందరికీ ఒకటి కాదు: కిడ్నీలు బాగున్నవారు నడకకు ముందు, తర్వాత నీళ్లు తాగాలి. డయాలసిస్‌లో ఉన్నవారు, కాళ్లలో నీరు చేరినవారు డాక్టర్ చెప్పిన కొలత దాటకూడదు. కొబ్బరి బొండం ఈ ప్రాంతంలో చేతికందే దూరంలోనే ఉంటుంది. కానీ అందులో పొటాషియం ఎక్కువ. కొంత చక్కెర కూడా ఉంటుంది. కిడ్నీ పనితీరు తగ్గినవారికి పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం. డాక్టర్‌ను అడగకుండా తాగొద్దు. గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్లు షుగర్ ఉన్నవారికి రోజువారీ దాహం తీర్చే పానీయం కాదు.

ఒళ్లు నొప్పులకు మాత్రలు వద్దు: కొత్తగా వ్యాయామం మొదలుపెడితే రెండు మూడు రోజులు కండరాలు నొప్పిగా ఉండటం మామూలే. అలా అని మెడికల్ షాపుకెళ్లి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు కొని వేసుకోవడం కిడ్నీలకు చేటు. నొప్పి ఉన్నచోట వేడినీళ్ల కాపడం పెట్టండి. వేగం తగ్గించండి. అయినా తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి.

ప్రొటీన్ పొడులు వద్దు: కండలు పెరుగుతాయని జిమ్‌లో ఎవరో చెప్పారని ప్రొటీన్ పౌడర్లు, క్రియాటిన్, లివర్ శుభ్రం చేస్తామనే మూలికల పొడులు వాడొద్దు. కిడ్నీ పనితీరు తెలియకుండా ఇవి తీసుకోవడం ప్రమాదం. కొన్ని మూలికా మందులు లివర్‌నే దెబ్బతీస్తాయి.

టెస్టుకు ముందు భారీ వ్యాయామం వద్దు: ఈ విషయం చాలామందికి తెలియదు. బరువులు ఎత్తిన తర్వాత కొన్ని రోజుల పాటు ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే లివర్ ఎంజైములు పెరిగినట్టు రిపోర్టులో కనిపించొచ్చు. అవి కండరాల నుంచి కూడా వస్తాయి కాబట్టి. మూత్రంలో అల్బుమిన్ కూడా తాత్కాలికంగా పెరుగుతుంది. రిపోర్టు చూసి లేనిపోని భయం పెట్టుకోకుండా ఉండాలంటే టెస్టుకు రెండు మూడు రోజుల ముందు నుంచి మామూలు నడకతో సరిపెట్టుకోవాలి.

ఎక్కడ నడుస్తున్నారో చూసుకోండి: జలంత్రకోట, పలాస వైపు చాలామంది తెల్లవారుజామున జాతీయ రహదారి పక్కనే నడుస్తుంటారు. చీకట్లో లారీలు దూసుకెళ్లే రోడ్డు అది. దానికి బదులు స్కూల్ గ్రౌండ్, చెరువు గట్టు, ఊరి లోపలి సిమెంట్ రోడ్డు ఎంచుకోండి. తప్పనిసరైతే లేత రంగు బట్టలు వేసుకుని, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా రోడ్డుకు కుడివైపున నడవాలి.

షుగర్ మందులు వేసుకునేవారు ఇవి పాటించాలి

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి నడక వల్ల షుగర్ మరీ పడిపోయే ప్రమాదం తక్కువ. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి మాత్రం ఆ ప్రమాదం ఉంది. కిడ్నీ పనితీరు తగ్గినవారిలో ఈ మందులు ఒంట్లో ఎక్కువసేపు నిలిచి షుగర్ మరింత పడిపోవచ్చు. నడకకు ముందు షుగర్ 90 కంటే తక్కువ ఉంటే ఒక అరటిపండు లాంటిది తిని మొదలుపెట్టాలి. కిడ్నీ జబ్బు ఉండి అరటిపండు మానమన్నవారు రెండు బిస్కెట్లు తినొచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, విపరీతమైన ఆకలి అనిపిస్తే ఆగి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. జేబులో, చీర కొంగులో నాలుగు చాక్లెట్లు ఎప్పుడూ ఉండాలి. పరగడుపున ఇన్సులిన్ వేసుకుని నడకకు వెళ్లడం అసలు వద్దు. షుగర్ 250 దాటి, ఒంట్లో బాగోలేకపోతే ఆ రోజు విశ్రాంతి తీసుకోవాలి.

సముద్రం దగ్గర ఉన్నవారు ఇసుకలో చెప్పుల్లేకుండా నడవడం మంచిదని అనుకుంటారు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి ఇది ప్రమాదకరం. గవ్వ గుచ్చుకున్నా, ఇసుక కాలినా తెలియదు. చిన్న గాయం పుండుగా మారుతుంది. మెత్తని బూట్లు, కాటన్ సాక్సులు వేసుకోవాలి. ఇంటికొచ్చాక పాదాలు కడిగి, వేళ్ల సందులు తుడిచి, ఒకసారి పరీక్షగా చూసుకోవాలి.

వీళ్లు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు

- నడిస్తే ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చేవారు
- గుండె స్టెంట్, బైపాస్ అయినవారు
- షుగర్ వల్ల కంటి రెటీనాలో రక్తస్రావం ఉన్నవారు. వీళ్లు బరువులు ఎత్తకూడదు
- కాలిపై మానని పుండు ఉన్నవారు
- లివర్ సిర్రోసిస్ ఉండి పొట్టలో నీరు చేరినవారు, రక్తపు వాంతులు అయినవారు
- డయాలసిస్ చేయించుకుంటున్నవారు

ఎవరు టెస్ట్ చేయించుకోవాలి? ఏ టెస్ట్?

టైప్ 2 షుగర్ ఉన్న ప్రతి ఒక్కరూ లివర్ గురించి ఒకసారి డాక్టర్‌ను అడగాలి. పొట్ట కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ఇంకా జాగ్రత్త. మనవాళ్లు సన్నగా కనిపించినా పొట్ట దగ్గర కొవ్వు ఉండొచ్చు. లివర్ ఎంజైములు నార్మల్‌గా ఉన్నంత మాత్రాన ఫ్యాటీ లివర్ లేదని చెప్పలేం. స్కానింగ్‌లో కూడా కొవ్వు తక్కువగా ఉన్నప్పుడు కనిపించకపోవచ్చు.

కొవ్వు ఎంత ఉందనే దానికంటే మచ్చలు పడ్డాయా లేదా అన్నది ముఖ్యం. దానికి 'ఫిబ్-4' అనే సులువైన లెక్క ఉంది. వయసు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్ల సంఖ్య.. ఈ నాలుగూ తెలిస్తే చాలు. మామూలు రక్త పరీక్షలే ఇవి. స్కోరు 1.3 కంటే తక్కువ ఉంటే సాధారణంగా పెద్ద ముప్పు లేనట్టు. 65 ఏళ్లు దాటినవారికి 2 వరకు పరవాలేదు. అంతకంటే ఎక్కువ వస్తే ఫైబ్రోస్కాన్ చేయించమని డాక్టర్ చెబుతారు. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగర్, బీపీ పరీక్షలు ఉచితంగా చేస్తారు. ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను అడిగితే వివరాలు చెబుతారు.

తిండి మారకుండా నడక ఒక్కటే చాలదు

30 నిమిషాల నడకతో ఖర్చయ్యే కేలరీలు ఒక కూల్‌డ్రింక్ సీసాతో తిరిగొచ్చేస్తాయి. తీపి పానీయాలు నేరుగా లివర్‌లో కొవ్వుగా మారతాయి. వాటిని పూర్తిగా మానాలి. పళ్లెంలో అన్నం తగ్గించి కూర, పప్పు పెంచాలి. పంచదార లేని చోడి అంబలి మంచిదే కానీ గ్లాసుల కొద్దీ వద్దు. పలాస జీడిపప్పు మంచి ఆహారమే అయినా 100 గ్రాముల్లో సుమారు 550 కేలరీలు ఉంటాయి. ఐదారు పలుకులతో ఆపాలి. ఇక ఫ్యాటీ లివర్ ఉన్నవారికి మద్యం ఎంత తక్కువైనా మంచిది కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు పప్పు, పండ్లు, ఉప్పు విషయంలో తమ డాక్టర్ చెప్పిందే పాటించాలి.

ఫ్యాటీ లివర్ ముదిరినవారి కోసం మందులు కూడా ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. అమెరికాలో 2024 మార్చిలో తొలిసారి రెస్మెటిరామ్ అనే మందుకు అనుమతి లభించింది. అయితే అది కూడా ఆహార నియమాలు, వ్యాయామంతో కలిపి వాడాల్సిందే.

ఫలితం ఎప్పుడు కనిపిస్తుంది?

భోజనం తర్వాత షుగర్ తగ్గడం మొదటి రోజు నుంచే గ్లూకోమీటర్‌లో కనిపించొచ్చు. లివర్ కొవ్వు తగ్గడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మచ్చలు తగ్గడానికి ఏడాది, అంతకంటే ఎక్కువ పట్టొచ్చు. కాబట్టి వారం వారం తూకం చూసుకుని నిరాశపడొద్దు. నెలకోసారి నడుము కొలత, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ, డాక్టర్ చెప్పినప్పుడు లివర్, కిడ్నీ టెస్టులు చూసుకుంటే చాలు. వ్యాయామం మానేస్తే లివర్‌లో కొవ్వు మళ్లీ చేరుతుంది. షుగర్ మాత్ర రోజూ వేసుకున్నట్టే నడకను కూడా రోజువారీ మందులా చూడాలి. ఈ మందుకు ఖర్చు లేదు.. మోతాదు మాత్రం ఎవరి ఒంటిని బట్టి వారిది. ముఖ్యంగా కిడ్నీ సమస్య ఉన్న ఉద్దానం వాసులు ఈ సమాచారాన్ని అవగాహన కోసం మాత్రమే తీసుకుని, మొదలుపెట్టే ముందు తమ డాక్టర్‌తో ఒక్కసారి మాట్లాడటం మంచిది.